అద్దంలో నక్షత్రం: పిల్లలకు మెదడు పాఠం

అందరికీ నమస్కారం. చిత్తూరు నుంచి, పుత్తూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి తిరుపతికి వచ్చిన టీచర్లు చాలామంది ఉన్నారు. అందుకని నేరుగా విషయంలోకి వస్తాను.

కొన్నేళ్ల కిందట మా హైస్కూల్లో ఒకమ్మాయి పరీక్షలో మెదడు బొమ్మ చక్కగా గీసింది. మస్తిష్కం, అనుమస్తిష్కం, మజ్జాముఖం, అన్నీ సరిగ్గా గుర్తించింది. ఫుల్ మార్కులు వేశాను. పేపరు చేతికిస్తూ, "అనుమస్తిష్కం నీ తలలో ఎక్కడుందో చెయ్యి పెట్టి చూపించమ్మా" అన్నాను. కాసేపు ఆలోచించి నుదుటి మీద చెయ్యి పెట్టింది. పక్కనున్న పిల్లలూ అంతే. అది ఉండేది తల వెనక, మెడకు కాస్త పైన. మనం తూలకుండా నడుస్తున్నామంటే దాని చలవే. తప్పు ఆ పిల్లది కాదు, నాది. బోర్డు మీది మెదడు గురించి గంటసేపు చెప్పాను గానీ, "అది నీ తలలో ఉంది, తడిమి చూసుకో" అని ఒక్కసారీ అనలేదు.

ఇప్పుడు ఈ పాఠాన్ని రెండు కొబ్బరి చిప్పలతో మొదలుపెడతాను. మెదడులో అన్నిటికంటే పెద్ద భాగమైన మస్తిష్కం పైపొరను మడతలన్నీ విప్పి పరిస్తే సుమారు 2,000 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. అంటే దాదాపు ఒక న్యూస్ పేపర్ పేజీ అంత. ఆ చిప్పలే మన పుర్రె అనుకుని, ఆ పేజీని చింపకుండా రెండిటి మధ్య పట్టించమంటాను. కొందరు నీటుగా మడతలు పెడతారు, కొందరు చుట్ట చుడతారు, చివరికి అందరూ నలిపి కుక్కుతారు. బయటికి తీసిన ఆ ఉండను తిప్పి తిప్పి చూసి, "బొమ్మలో ఉండే వంకర గీతలు ఇవేనా సార్?" అని అడుగుతారు. ఆ ప్రశ్న వాళ్ల నోట వచ్చాక మిగతా పాఠం సులువు.

తర్వాత పచ్చి గుడ్డు. మూత గట్టిగా పట్టే టిఫిన్ బాక్సులో పెట్టి ఊపితే పగిలిపోతుంది. అదే బాక్సును అంచు దాకా నీళ్లతో నింపి ఊపితే చాలావరకు చిట్లదు. మన మెదడు చుట్టూ, లోపలి గదుల్లోనూ కలిపి దాదాపు 150 మిల్లీలీటర్ల ద్రవం ఇదే పని చేస్తుంది. తారు రోడ్డు మీద పడితే మాత్రం ఆ ద్రవం ఒక్కటే కాపాడలేదని కూడా చెప్పాలి. చెబితే ఎవడో ఒకడు లేచి, "మా నాయన హెల్మెట్ పెట్రోల్ ట్యాంకు మీద పెట్టుకుంటాడు సార్" అంటాడు. ఆ సాయంత్రం వాళ్లింట్లో ఆ మాట రాకుండా ఉండదు.

హెయిర్ పిన్నుతో ఒక పని ఉంది. పిన్ను వంచి, కళ్లు మూసుకున్న జోడీ వేలికొసకు రెండు మొనలూ ఒకేసారి మెల్లగా తాకించాలి. మూడు మిల్లీమీటర్ల దూరంలో ఉన్నా "రెండు" అని చెప్పేస్తారు. అదే వీపు మీదైతే మూడు సెంటీమీటర్లు ఎడం చేసినా "ఒకటే సార్" అంటారు. వేలికొసలకు, పెదవులకు మెదడు ఇచ్చిన జాగా వీపుకిచ్చిన దానికంటే చాలా ఎక్కువ. ఇది చెబుతుంటే ఒక పాప, "మా అమ్మ కరెంటు పోయినా పూలు కడతానే ఉంటాది సార్" అంది. అంతకన్నా మంచి ఉదాహరణ నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఇక్కడ ఒక మాట కోపంగానే చెప్పాలి. మిడ్ బ్రెయిన్ యాక్టివేషన్ అంటూ, కళ్లకు గంతలు కట్టి పిల్లల చేత చదివిస్తామని చెప్పి తల్లిదండ్రుల దగ్గర వేలకు వేలు గుంజేవాళ్లున్నారు. ముక్కు పక్క సందులోంచి చూసి చదవడమే అది. మధ్య మెదడు పుట్టినప్పటి నుంచీ పనిచేస్తూనే ఉంటుంది, దాన్ని ఎవరూ కొత్తగా ఆన్ చేయక్కర్లేదు. మీ క్లాసులో ఒకరికి గంతలు కట్టి, గడ్డం కింద అట్ట అడ్డం పెట్టి చూడండి. పిల్లలే తేల్చేస్తారు.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైనది అద్దం. కాగితం మీద జంట గీతల నక్షత్రం గీసి, చెయ్యి కనపడకుండా పైన ఒక పుస్తకం అడ్డం పట్టి, ఎదురుగా అద్దం నిలబెట్టాలి. అద్దంలో మాత్రమే చూస్తూ ఆ రెండు గీతల మధ్య పెన్సిల్ నడపాలి. మూల దగ్గరికి రాగానే చెయ్యి ఒకవైపు వెళ్లమంటే ఇంకోవైపు వెళ్తుంది. క్లాస్ ఫస్ట్ వచ్చేవాళ్లకూ చెమటలు పడతాయి.

"నాది మట్టిబుర్ర సార్, ఏదీ ఎక్కదు" అనే అబ్బాయి ఒకడుండేవాడు. ఇంట్లో రోజూ వినీ వినీ నమ్మేసిన మాట అది. మొదటి నక్షత్రం కోడి గీకినట్టు వచ్చింది. కాగితం నలిపి పారేయబోతే ఆపి, తేదీ వేయించాను. రోజుకొకటి చొప్పున ఏడు రోజులు గీశాడు. గీత దాటిన ప్రతిచోటా ఎర్ర పెన్నుతో చుక్క పెట్టుకున్నాడు. ఏడో కాగితం మీద ఎర్ర చుక్కలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి. ఏడూ వరసగా బల్ల మీద పరిచి, "ఎక్కింది కదరా" అన్నాను. ఏమీ అనలేదు. ఆ కాగితాలు సైన్స్ నోట్సులో అతికించుకున్నాడు.

వాడికి హెన్రీ మొలైసన్ కథ చెప్పాను. మూర్ఛ తగ్గడానికని 1953లో అమెరికాలో ఆయనకు ఆపరేషన్ చేసి, మెదడులో రెండువైపులా ఉండి, కొత్త జ్ఞాపకాలు నిలవడానికి తోడ్పడే హిప్పోక్యాంపస్‌లో చాలా భాగం తీసేశారు. ఆ తర్వాత ఆయనకు కొత్త సంగతులు గుర్తుండటం ఆగిపోయింది. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త ఆయనతో ఇదే అద్దం నక్షత్రాన్ని మూడు రోజులు గీయించారు. నిన్న గీసిన సంగతే ఆయనకు గుర్తుండేది కాదు, చెయ్యి మాత్రం రోజురోజుకూ కుదురుకుంది. సంగతులు గుర్తుపెట్టుకోవడం వేరు, పని ఒంటబట్టడం వేరు అని మనకు తెలిసింది అలాగే. సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్న మెదడులో, సాధన చేసేకొద్దీ కణాల మధ్య లంకెలు మారుతూ బలపడతాయి. ఆ ఏడు కాగితాల్లో ఆ అబ్బాయి చూసింది ఆ మార్పునే.

అద్దాలు, కాగితాలు వెనక బల్ల మీద పెట్టించాను. ఇద్దరికొకటి చొప్పున తీసుకోండి. మీ మొదటి నక్షత్రం ఎంత వంకరగా వచ్చినా పారేయకండి, సోమవారం మీ క్లాసులో ముందు అదే చూపించాలి.