నడిస్తే ఐడియాలు రావట్లేదా? చేదలో చిల్లు ఎక్కడుందో చూద్దాం

చెవుల్లో ఇయర్‌ఫోన్లు, మణికట్టు మీద స్టెప్పుల లెక్క, మధ్యమధ్యలో మెసేజీలు. ఇలా నలభై నిమిషాలు తిరిగొచ్చి "నడిస్తే ఐడియాలొస్తాయన్నారు, నాకేం రాలేదే" అంటారు. ఎక్కణ్ణుంచి వస్తాయండీ? పాడ్‌కాస్ట్‌ వాళ్ల కబుర్లతోనే బుర్ర నిండిపోతే! పైగా పదివేల స్టెప్పులు కాలేదని ఓ బెంగ. ఆ పదివేలు 1965లో జపాన్‌లో అమ్మకానికి పెట్టిన అడుగుల మీటరు పేరులోంచి వచ్చిన అంకె. దానికీ మీ కథ క్లైమాక్స్‌కీ ఏ చుట్టరికమూ లేదు.

బావిలో ఉంటేనే కదా చేదలోకి వచ్చేది. నడకంటే చేద వేసి తోడటం, అంతే. నీళ్లు పుట్టించడం దాని పని కాదు.

[తెర మీద: కాలువ, రాతి వంతెన]

1843 అక్టోబరు 16. డబ్లిన్‌లో రాయల్ కెనాల్ గట్టున గణిత శాస్త్రవేత్త విలియం రోవన్ హామిల్టన్ భార్యతో కలిసి నడుస్తున్నాడు. వంతెన దగ్గరికొచ్చేసరికి క్వాటర్నియన్ల సూత్రం, అంటే నాలుగేసి సంఖ్యల గుంపుల్ని గుణించే పద్ధతి, తట్టింది. ఆగలేక చాకు తీసి రాతి మీద గీకేశాడు. అందరూ ఇక్కడితో కథ ఆపేస్తారు. మూడేసి సంఖ్యల గుంపుల్ని ఒకదానితో ఒకటి గుణించడమెలాగో తేలక అంతకుముందు ఏళ్ల తరబడి తల బద్దలుకొట్టుకున్న సంగతి ఎగ్గొట్టేస్తారు. బావి నిండి ఉందండీ, అందుకే చేద నిండింది.

కాబట్టి బయల్దేరే ముందు ఇరవై నిమిషాలు పని దగ్గర కూర్చోండి. ఎక్కడ ఇరుక్కున్నారో ఒక్క వాక్యంలో, ప్రశ్నార్థకంతో ముగిసేలా కాగితం మీద పెట్టండి. "కథ బాగా రావాలి" అన్నది ప్రశ్న కాదు, కోరిక. "ఉత్తరం చేతికొచ్చాక కూడా చెల్లెలు నోరెందుకు విప్పదు?" ఇదీ ప్రశ్న.

ఇక వేగం. తాడు విసురుగా గుంజితే చేద ఒరలకి కొట్టుకుని సగం ఒలికిపోతుంది. ఆయాసపడకుండా పూర్తి వాక్యం మాట్లాడగలిగే వేగం చాలు. అంతకు మించితే ధ్యాసంతా ఊపిరి మీదికీ కాళ్ల మీదికీ పోతుంది. మొదటి ఐదు నిమిషాలూ కట్టాల్సిన బిల్లులు, చేయాల్సిన ఫోన్లే గుర్తొస్తాయి. రానివ్వండి. చాలామంది సరిగ్గా అక్కడే విసుగొచ్చి ఫోన్ తీస్తారు.

"మా దగ్గర పచ్చదనం లేదండీ" అనేవాళ్లకి ఓ మాట. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో పరిశోధకులు మారిలీ ఒపెజో, డేనియల్ ష్వార్ట్జ్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో కొందరిని ఖాళీ గోడకి ఎదురుగా ట్రెడ్‌మిల్ మీద నడిపించారు. మామూలు వస్తువు పేరు చెప్పి, దాన్ని ఇంకెలా వాడొచ్చో చెప్పమన్నారు. కూర్చున్నప్పటి కంటే నడుస్తున్నప్పుడు కొత్త ఆలోచనలు బాగా ఎక్కువొచ్చాయి. మొత్తం మీద సగటు పెరుగుదల 60 శాతం దాకా తేలింది. గోడని చూస్తూ! నడిచొచ్చి కూర్చున్నాక కూడా ఆ ఊపు కాసేపు నిలిచింది.

ఇప్పుడు చేద చిల్లు. తట్టింది తట్టినట్టు రాసుకోకపోతే ఇల్లు చేరేలోపు కారిపోతుంది. జేబులో చిన్న కాగితం, పెన్సిల్ ముక్క. "తలుపు ఐడియా" అని రాస్తే సాయంత్రానికి మీకే అర్థం కాదు. "చెల్లెలు — ఉత్తరం తనే రాసింది — తలుపు వెనక నుంచి వింటోంది" అని రాయండి. వాయిస్ రికార్డింగైతే ముందు ప్రశ్న, తర్వాత జవాబు చెప్పండి. లేకపోతే గాలి హోరు, గొణుగుడే మిగులుతాయి.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. నడుస్తూ ఏది మంచిదో తేల్చకండి. అవే ప్రయోగాల్లో ఒకే సరైన జవాబున్న పదాల చిక్కుముళ్లలో నడిచేవాళ్లు కాస్త వెనకబడ్డారు. తోడిన నీళ్లు తేరుకోవాలి, ఏరడం కూర్చునే చేయండి. దారి తెలిసినదై ఉండాలి, రోడ్డు దాటడాలు తక్కువుండాలి. వాన పడుతుంటే గదిలోనే పచార్లు చేయండి. ఇంటికి రాగానే ఫోన్ ముట్టుకోకుండా పది నిమిషాలు రాయండి, ఆ ఊపు ఇంకా ఉంటుంది. వరసగా మూడు రోజులు చేద ఖాళీగా వస్తే మాత్రం నడక పెంచకండి, బల్ల దగ్గరికెళ్లి ఆ ప్రశ్న మార్చి రాయండి.