తీర్థం పోయడానికి నోరేదీ?

"వెంటిలేటర్ వద్దంటే మనమే ప్రాణం తీసినట్టు కదండీ?" ఈ మాట విన్నప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. అడిగినవాళ్ల మీద కాదు, వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పనందుకు.

మా పెదనాన్నకు క్యాన్సర్ కాలేయానికి పాకింది. ఇక నయం కాదని డాక్టర్లకూ తెలుసు, మాకూ తెలుసు. అయినా ఐసీయూలోనే ఉంచాం. "కొడుకులుండీ ఇంటికి తెచ్చేశారు" అని పెద్దకర్మలో నలుగురూ అంటారని భయం. చివరి రోజు పొద్దున్నే పెద్దమ్మ చిన్న సీసాలో తులసి తీర్థం తెచ్చింది. పోయడానికి నోరేదీ? గొంతులో ట్యూబు, చుట్టూ ప్లాస్టరు. వేలు తడిపి పెదవికి అద్ది, బయటికొచ్చేసింది.

ఆ సీసాను గుర్తుపెట్టుకోండి.

వెంటిలేటర్ జబ్బును నయం చేయదు. ఊపిరితిత్తుల పని తను చేసి, మందు పనిచేసేదాకా గడువిస్తుంది. న్యుమోనియా వచ్చిన ముప్పై ఏళ్ల కుర్రాడికి ఆ గడువే ప్రాణం. అక్కడ సీసా ఊసే వద్దు, అప్పు చేసైనా పెట్టించండి. మందే మిగలనప్పుడు గడువు దేనికి? బిల్లు మాత్రం ఆగదు. బెడ్డు, వెంటిలేటర్, రక్త పరీక్షలు, అన్నీ రోజు లెక్క. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది, మంచిదే. కార్డూ బీమా లేని ఇల్లు మాత్రం ప్లాటు కాగితాలు బయటికి తీస్తుంది.

మరి అప్పుడేం చేయాలి? బాధ తగ్గించే వైద్యం ఉంది, పాలియేటివ్ కేర్ అంటారు. అంటే చేతులెత్తేయడం కాదు. నొప్పికి మార్ఫిన్, ఆయాసానికి మందు, పుండ్లకు డ్రెస్సింగ్, ఇంటివాళ్లకు ధైర్యం. ఇదీ వైద్యమే! హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో దీనికి విభాగం ఉంది. ఖాజాగూడలో స్పర్శ్ హాస్పిస్, అంటే చివరి దశ రోగులను చూసుకునే చోటు, ఉచితంగా చూస్తుంది. గొంతులో ట్యూబు లేకపోతే చెప్పాలనుకున్న మాట చెప్పొచ్చు, చెంచాడు తీర్థం మింగొచ్చు.

టైమ్ అయిపోతోంది, చట్టం సంగతి గబగబా చెప్పేస్తాను. నయం కాని స్థితిలో వెంటిలేటర్ లాంటి చికిత్స వద్దని ముందే రాసిపెట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న చెప్పింది. దాన్నే లివింగ్ విల్ అంటారు. మొదట్లో మేజిస్ట్రేట్ సంతకం కావాల్సి వచ్చేది. 2023 జనవరి నుంచి ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చాలు. మీ తరఫున నిర్ణయం చెప్పే మనిషి పేరు అందులో తప్పకుండా ఉండాలి. ఆ సమయం వచ్చినప్పుడు రెండు వైద్య బోర్డులు, అంటే డాక్టర్ల బృందాలు, చూసి ఒప్పుకోవాలి. విల్లు లేకపోయినా ఇంటివాళ్ల సమ్మతితో బోర్డుల దాకా వెళ్లే దారి ఉంది.

మా పెద్దమ్మ తనది రాయించేసుకుంది. తీర్థం ఎవరు పోయాలో కూడా మాకు చెప్పిపెట్టింది.