తిరుపతికి భూకంపం రాదా? ముందు లాతూర్ సంగతి వినండి!

తిరుపతికి భూకంపం రాదు అని ఎవరైనా చెబితే నమ్మొద్దండి. మళ్లీ చెబుతున్నా, నమ్మొద్దు! పోయిన వీడియో కింద ఒకాయన "మన కింద ఉండేది శేషాచలం బండ, కోట్ల ఏళ్ల గట్టి రాయి, ఇక్కడ భూమి కదలదు" అని రాస్తే దానికి లైకులే లైకులు. ఇంకోపక్క వాట్సాప్‌లో "ఈ రాత్రికి పెద్దది వస్తుంది, బయటే పడుకోండి" అని ఫార్వర్డు. ఫలానా రోజు, ఫలానా టైముకు భూకంపం వస్తుందని చెప్పగలిగినవాళ్లు ప్రపంచంలోనే లేరు, కాబట్టి ఆ ఫార్వర్డు డిలీట్ చేసేయండి. నాకు కోపం తెప్పించింది మాత్రం మొదటి మాటే, ఎందుకంటే దాన్ని నమ్మే మనం ఇళ్లు కట్టేస్తున్నాం.

గట్టి రాయి అంటున్నారు కదన్నా, మరి మహారాష్ట్రలో లాతూర్ కింద ఉన్నదేంటి? దక్కన్ నల్లరాయి, దాని కింద ఇంకా పాత రాయి. 1993 సెప్టెంబర్ 30, తెల్లవారుజామున నాలుగు కావస్తోంది, వినాయక నిమజ్జనం ముగించుకుని జనం పడుకుని ఉన్నారు. అప్పుడొచ్చింది భూకంపం, తీవ్రత 6.2. లాతూర్ జిల్లాలో కిల్లారి అనే ఊరి చుట్టుపక్కల మట్టితో పేర్చిన రాతి గోడలు కూలి దాదాపు 10 వేల మంది పోయారు. అప్పటి భూకంపాల మ్యాపులో ఆ ఊరు ఏ జోన్‌లో ఉందో తెలుసా? ఒకటో జోన్. మొత్తం ఐదు జోన్లలో ప్రమాదం అన్నిటికంటే తక్కువ అని రాసిపెట్టిన జోన్! ఆ తర్వాత 2002లో ఆ ఒకటో జోన్‌నే మ్యాపులోంచి ఎత్తేశారు. అంతకుముందూ ఇదే కథ, 1967లో అదే మహారాష్ట్రలో కొయనా దగ్గర భూకంపం వచ్చింది, 1970లో మ్యాపు మారింది. మ్యాపు ఎప్పుడూ భూకంపం వెనకాలే నడుస్తోంది. ఆ 2002 మ్యాపులో మనం ప్రమాదం ఎక్కువున్న నాలుగు, ఐదు జోన్లలో లేం, నిజమే. కానీ ఆ రంగులు ఎక్కువగా ఇంతకుముందు జరిగినవాటి లెక్క. రేపటికి గ్యారంటీ కార్డు అనుకుని గుండెల మీద చేతులేసుకుని పడుకుంటే ఎట్లా?

అసలు భూమి పైపొర పలకలు పలకలుగా ఉందని, అవి కదులుతున్నాయని గట్టిగా సాక్ష్యం చెప్పింది కూడా భూకంపాలే. 1960ల్లో అణుబాంబు పరీక్షలు ఎవరు ఎక్కడ చేస్తున్నారో కనిపెట్టాలని అమెరికా వాళ్లు ప్రపంచమంతా సీస్మోగ్రాఫులు, అంటే భూమి వణుకును కొలిచే యంత్రాలు పెట్టారు. బాంబుల కోసం పెడితే భూకంపాలు దొరికాయి! ఎక్కడెక్కడ వచ్చాయో మ్యాపు మీద చుక్కలు పెట్టుకుంటూ పోతే అవన్నీ బారులు తీరాయి. జపాన్ పక్కన, చిలీ పక్కన, సముద్రాల నడుమ, హిమాలయాల వెంట. ఆ బారులే ఆ పలకల, అంటే ప్లేట్ల అంచులు. కొన్నిచోట్ల చుక్కలు వాలుగా దిగుతూ దిగుతూ 700 కిలోమీటర్ల లోతు దాకా పోయాయి, అంటే ఒక ప్లేటు ఇంకోదాని కిందికి దూరిపోతోందన్నమాట. సైన్సులో నాకు ఇంతకంటే గొప్ప డిటెక్టివ్ కథ తెలియదు.

అయితే ఆ చుక్కలు చూసి, మనం అంచు మీద లేం కదా, హాయి అనుకుంటారు. మన ప్లేటు ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఉత్తరంగా జరుగుతూ ఆసియాను నెడుతోంది. ఆ ఒత్తిడి హిమాలయాల దగ్గరే ఆగిపోదు, వెనక్కి ప్లేటంతా పాకుతుంది. గోడను ఒక కొసన నెడితే మధ్యలో పాత పగులు ఉన్నచోటే విచ్చుకుంటుంది చూడండి, అట్లా. 2012 ఏప్రిల్ 11న ఇండోనేషియాలోని సుమత్రాకు పడమట సముద్రంలో 8.6 వచ్చింది, అది ప్లేటు లోపల పుట్టిందే, చెన్నైలో జనం ఆఫీసుల్లోంచి రోడ్ల మీదికి పరుగెత్తారు. మనవైపు 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం, మొన్న 2024 డిసెంబర్ 4న ములుగులో 5.3 వస్తే హైదరాబాద్‌లో మంచాలు కదిలాయి. పాత గట్టి రాయిలో భూకంపం అలలు తొందరగా చావవు, చాలా దూరం పోతాయి. మీరు రక్ష అనుకుంటున్న రాయే వణుకును మోసుకొస్తుంది!

అప్పటి మన చిత్తూరు జిల్లా సంగతే తీసుకోండి. 2021 నవంబర్‌లో తిరుపతి వీధులు ఏరులైన వానలు ఎవరు మర్చిపోతారు? ఆ వానల వెనకే రామకుప్పం మండలంలో భూమి లోపల్నుంచి ఢాం ఢాం అని శబ్దాలు, ఇళ్లు అదిరి జనం బయటికొచ్చేశారు. వాన నీళ్లు రాతి పగుళ్లలోకి దిగి, లోపల ఒత్తిడి పెరిగి ఇట్లాంటి చిన్న కదలికలు రావడం దక్కన్‌లో చాలాచోట్ల చూసిందే. పెద్దది వస్తుందని భయపెట్టడం లేదు. కింద పగుళ్లు ఉన్నాయంటున్నా, అంతే.

ఇప్పుడు నా అసలు బాధ. 2001 జనవరి 26న గుజరాత్‌లో భుజ్ దగ్గర 7.7 వచ్చినప్పుడు, 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కూలాయి. వాటిలో చాలా వాటికి కింద పార్కింగ్ కోసం గోడల్లేకుండా ఉత్త పిల్లర్లే వదిలేశారు. పైన నాలుగంతస్తుల గోడల బరువు, ఆపైన వాటర్ ట్యాంకు, కింద సన్నని కాళ్లు. తిరుపతిలో ఏ కొత్త వీధిలోకైనా వెళ్లి చూడండి, ఇదే కదా మనం కడుతున్నది!

పిల్లర్ కట్టేటప్పుడు దగ్గరికెళ్లి, నిలువు కడ్డీల చుట్టూ కట్టే ఇనుప రింగు చూడండి. ఆ రింగు కొసలు లోపలికి, పిల్లర్ నడుమ వైపుకు 135 డిగ్రీలు వంచాలి. చాలాచోట్ల 90 దగ్గరే ఆపేస్తారు, పని తొందరగా అయిపోతుందని. ఊగినప్పుడు పైనున్న కాంక్రీటు పెచ్చులూడితే 90 రింగు విప్పుకుంటుంది, నిలువు కడ్డీలు బయటికి వంగిపోతాయి, పిల్లర్ నలిగిపోతుంది. దానికయ్యే ఖర్చు రింగుకు ఓ నాలుగు వేళ్ల ఇనుము, అంతకుమించి ఏం లేదు!

ఫ్లాటు కొంటున్నారా, మోడ్యులర్ కిచెన్ తర్వాత చూద్దురు, ముందు స్ట్రక్చరల్ డ్రాయింగ్, అంటే పిల్లర్లు, ఇనుము ఎట్లా వేయాలో చూపే ప్లాను అడగండి. ఇప్పటికే ఉంటున్నవాళ్లు ఇంజనీరును పిలిపించి కింది పిల్లర్లకు చుట్టూ కాంక్రీటు వేయించి లావు చేయించుకోవచ్చు, కొన్ని పిల్లర్ల మధ్య గోడలు లేపించుకోవచ్చు. రెండు కార్ల చోటు పోతుంది. వచ్చే అసోసియేషన్ మీటింగులో ఈ మాట ఎత్తండి, ఎవరెవరు ఏమేం అన్నారో కామెంట్‌లో రాయండి, అన్నీ చదువుతా.