రొయ్యల్ని చంపింది కాపలా కుర్రాడు కాదు, వాట్సాప్ గ్రూపు!

ఏవండీ, పోయిన వారం వీడియో కింద మీ గొడవంతా చదివానండి. భీమవరం దగ్గర మా బావ చెరువు సంగతి చెప్పాను కదా, రాత్రి మూడింటికి కరెంటు పోయింది, నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోయాయి, జనరేటర్ వేసినోడు లేడు, తెల్లారేసరికి రొయ్యంతా పైకి తేలింది. బావ కాపలా కుర్రాడి జీతం కోశాడు. మీలో సగం మంది కోయాల్సిందే అన్నారు, సగం మంది పాపం పేదోడు అన్నారు. నేనైతే రెండూ ఒప్పుకోను. చంపింది ఆ గ్రూపే!

నవ్వకండి, గ్రూపు నేను చూశాను. మొత్తం తొమ్మిది మంది. అందులో బావగారి తమ్ముడొకడు, హైదరాబాద్‌లో ఉంటాడు, అతనికి చెరువుతో ఏం పనో దేవుడికే తెలియాలి. సాయంత్రం ఆరున్నరకి బావ మెసేజ్: "మబ్బుగా ఉంది, రాత్రికి జనరేటర్ చూసుకోండి." కింద వరసగా ఓకే అన్నా, ఓకే సార్, రెండు బొటనవేళ్లు, ఒక దండం. చూసుకోండి అంటే ఎవరండీ చూసుకోవాల్సింది? కాపలా ఉన్నాడుగా అని మేనేజర్, టెక్నీషియన్ డీజిల్ పోసుంటాడులే అని కాపలా కుర్రాడు. ట్యాంకులో చుక్క లేదు! ఉమ్మడి బర్రె పుచ్చి చచ్చింది అని మన పెద్దోళ్లు ఊరికే అన్నారా?

పగలు ఎండ లేకపోతే నీళ్లలో ఆక్సిజన్ సరిగా తయారవదు, రాత్రంతా నాచూ రొయ్యా పీల్చేస్తాయి, తెల్లారుజాముకి అడుగంటుతుంది. ఇది బావకి తెలీదా? నాకే పాఠం చెప్తాడు!

అదే ధవళేశ్వరం బ్యారేజీ చూడండి. గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. నీళ్లు అక్కడికొస్తే హెచ్చరికే, ఇప్పుడు వేద్దామా కాసేపాగుదామా అని ఎవరూ పోల్ పెట్టరు. 1986 వరద గీత మా అమ్మమ్మ ఇంటి గోడ మీద ఇప్పటికీ ఉందండి, సున్నం వేసిన ప్రతిసారీ ఆవిడే దగ్గరుండి ఆ గీత వదిలేయిస్తుంది. సరే, విషయానికొద్దాం.

అసలు నాకు ఒళ్లు మండింది ఎక్కడంటే, ఆ కుర్రాడు మూడూ పదికే డీజిల్ లేదని చూశాడు. బావకి ఫోన్ చేసింది మూడూ యాభైకి. నలభై నిమిషాలు ఏం చేశావురా అంటే, "తిడతారని భయమేసిందండి, ఎక్కడైనా దొరుకుతుందేమోనని క్యాన్ పట్టుకుని తిరిగాను" అన్నాడు. అంతకుముందు చెక్ ట్రేలో, అదే రొయ్య మేత తింటోందో లేదో చూసే పళ్లెంలో, మేత మిగిలిపోతోందని చెప్పినందుకు అందరి ముందూ చీవాట్లు తిన్నాడట. ఇప్పుడు జీతం కూడా కోస్తే, ఈసారి అసలు ఫోన్ చేస్తాడా? నన్నడిగితే చెయ్యడు!

బావా, పని పక్కన పేరు రాయి, టైం రాయి, రాత్రి పదికి డీజిల్ కొలిచి ఫోటో పెట్టమను, తప్పు జరిగిందని ముందు చెప్పినోణ్ణి మాత్రం తిట్టకు అని ఇంటికెళ్లి గంటసేపు చెప్పాను. బుద్ధిగా తలూపాడు. మర్నాడు పొద్దున్నే గ్రూపులో మెసేజ్: "ఇకనుంచి అందరూ బాధ్యతగా ఉండాలి."

కింద ఎనిమిది ఓకేలు.