డీన్ స్మిత్ సెంటర్ రివ్యూ: బాగుచేసుకోవాలా, కొత్తది కట్టాలా?

నమస్తే అండీ. ఈరోజు చాపెల్ హిల్‌లోని డీన్ స్మిత్ సెంటర్ గురించి మాట్లాడుకుందాం. నార్త్ కరోలినా యూనివర్సిటీ మగపిల్లల బాస్కెట్‌బాల్ జట్టు సొంతగడ్డ ఇది. కేరీ, మోరిస్‌విల్ వైపు ఉండే మన తెలుగువాళ్లకి కొత్తగా పరిచయం చేయక్కర్లేదు. దీన్నే బాగుచేసుకోవాలా, లేదంటే క్యాంపస్‌కి ఉత్తరాన పాత విమానాశ్రయం స్థలంలో, అదే కరోలినా నార్త్‌లో, కొత్తది కట్టాలా అని అక్కడ పెద్ద చర్చే నడుస్తోంది.

నేను ముందే చెప్పేస్తున్నాను, నా ఓటు బాగుచేయడానికే. ఎందుకో వినండి.

ఈ ఎరీనాలో మొదటి మ్యాచ్ 1986 జనవరి 18న జరిగింది. ప్రత్యర్థి పక్క ఊరి డ్యూక్ యూనివర్సిటీ. అప్పుడు దేశవ్యాప్త ర్యాంకింగ్స్‌లో కరోలినా ఒకటి, డ్యూక్ మూడు. 95-92తో కరోలినా గెలిచింది. సీట్లు 21,750 దాకా ఉన్నాయి, కాలేజీ ఆటకి ఇది చాలా పెద్ద హాలు. నడిచే దారులు ఇరుకు, ఇంటర్వెల్‌లో మంచినీళ్ల కోసం వెళ్తే జనంలో ఇరుక్కుపోతాం. అది నిజమే. కానీ అసలు సమస్య అక్కడ లేదు.

కోర్టు పక్కన ఎవరు కూర్చున్నారో చూడండి. ఈ ఎరీనా కట్టడానికి అయిన దాదాపు 34 మిలియన్ డాలర్ల ఖర్చు దాతలు ఇచ్చిన డబ్బుతోనే తీరింది. బదులుగా కిందివైపు మంచి సీట్ల మీద వాళ్లకి హక్కులు వచ్చాయి. విద్యార్థులకి ఒక బాస్కెట్ వెనక కాస్త చోటు ఉంది, మిగతావాళ్లు పైకి ఎక్కాల్సిందే. గొంతు చించుకుని అరిచే పిల్లలు దూరంగా, నిదానంగా కూర్చునే పెద్దవాళ్లు దగ్గరగా! ఇక హోరు ఎక్కడినుంచి వస్తుంది?

పక్క ఊళ్లోనే, డరమ్‌లో, డ్యూక్ వాళ్ల కామెరాన్ ఇండోర్ స్టేడియం ఉంది. 1940 నాటిది, సీట్లు 9,314 మాత్రమే. విద్యార్థులు కోర్టు గీతకి ఆనుకుని నిలబడతారు, బంతి లోపలికి విసిరే ఆటగాడి చెవిలోనే అరుస్తారు. ఇండియానాపోలిస్‌లో బట్లర్ యూనివర్సిటీ వాళ్ల హింకిల్ ఫీల్డ్‌హౌస్ ఇంకా పాతది, 1928లో కట్టారు. 2014లో పూర్తయిన మరమ్మతుల్లో దాని సీట్లు 10,000 నుంచి 9,100కి తగ్గించారు. తగ్గించారండీ! స్మిత్ సెంటర్‌కి కావలసింది ఆ ధైర్యమే.

కొత్తది కట్టి బాగుపడినవాళ్లు లేరా అంటే ఉన్నారు. ఆస్టిన్‌లో టెక్సస్ యూనివర్సిటీ వాళ్లు 2022లో మూడీ సెంటర్ తెరిచారు, అక్కడ విద్యార్థుల్ని కోర్టు దగ్గరికే తెచ్చారు. కాకపోతే 1977 నాటి పాత ఎర్విన్ సెంటర్ ఉన్న స్థలం మెడికల్ స్కూల్ విస్తరణకి కావాల్సి వచ్చింది, అంటే ఎలాగూ కదలాల్సిందే. చాపెల్ హిల్‌లో అలాంటి అవసరం లేదు.

డబ్బు మాట కొట్టిపారేయను. 2025 జులై నుంచి యూనివర్సిటీలు ఆటగాళ్లకి నేరుగా డబ్బు ఇవ్వొచ్చు, మొదటి ఏడాది పరిమితి దాదాపు 20.5 మిలియన్లు. అది ఎక్కడినుంచైనా రావాలి కదా. మ్యాచ్ చూడటానికి ఖరీదైన ప్రత్యేక గదులు, కచేరీలు, చుట్టూ హోటళ్లు ఉంటే రాబడి పెరుగుతుందన్న వాదనలో బలం ఉంది.

అయినా సౌత్ క్యాంపస్ హాస్టళ్లు స్మిత్ సెంటర్ పక్కనే ఉన్నాయి. ఫస్టియర్ పిల్లలు రాత్రి తొమ్మిది గంటల మ్యాచ్‌కి నడిచి వచ్చి, నడిచి వెళ్లిపోతారు. కరోలినా నార్త్ అంటే బస్సు కోసం నిలబడాలి. మర్నాడు పొద్దున్నే క్లాసు ఉన్న పిల్ల ఎన్నిసార్లు వెళ్తుంది చెప్పండి? పైగా కొత్త ఎరీనాకీ డబ్బిచ్చేది దాతలే. ముందు వరసలు మళ్లీ వాళ్లకే రాసిచ్చేస్తే స్థలం మారిందే తప్ప ఇంకేం మారినట్టు?

దాతల హక్కుల్ని మర్యాదగా మాట్లాడుకుని పరిష్కరించండి. కింది వరసల్లో రెండు పక్కలా విద్యార్థుల్ని కూర్చోబెట్టండి. పై సీట్లు కొన్ని తీసేసి దారులు వెడల్పు చేయండి. పనులు జరిగేటప్పుడు జట్టు కొన్నాళ్లు వేరేచోట ఆడాల్సి రావచ్చు, ఆ ఇబ్బంది ఓర్చుకోదగ్గదే.

ఇంకోటి. కాలేజీ రోజుల్లో మైకేల్ జోర్డాన్ సొంత కోర్టు స్మిత్ సెంటర్ కాదు, అదే యూనివర్సిటీలోని 1965 నాటి కార్మైకేల్ ఎరీనా. దాన్ని బాగుచేసుకుని ఇప్పుడు అమ్మాయిల జట్టు ఆడుతోంది. ఈసారి అక్కడ ఒక మ్యాచ్‌కి పిల్లల్ని తీసుకెళ్లండి, స్మిత్ సెంటర్‌లో ఇంకోటి చూడండి. హోరు ఎక్కడ ఎలా వినిపించిందో కింద కామెంట్‌లో రాయండి, అన్నీ చదువుతాను.