నవ్వించేటోళ్లు కూడ జవాబు చెప్పాలె

అందరికి నమస్కారం. జర్నలిజం చదువుతున్న తమ్ముండ్లు, చెల్లెండ్లు ఇంతమంది నల్లగొండల ఒక్కకాడ కూడిండ్రు. అందుకే టీవీలల్ల వచ్చే వ్యంగ్య వార్తల గురించి సూటిగనే మాట్లాడుత.

ఏండ్లకేండ్లు మన యాసను రౌడీలకు, పనిమనుషులకే అంటగట్టిండ్రు. వీ6 చానెల్‌ల తీన్మార్ వార్తలు వచ్చినంక అదే యాసల సర్కారును నిలదీసే మాట వినవడ్డది. అండ్ల కనవడ్డ సావిత్రక్క, బిత్తిరి సత్తి మన ఇంటోళ్లే అయిపోయిండ్రు. అది మన భాషకు జరిగిన పెద్ద మేలు, దాన్ని తక్కువ చేసి మాట్లాడేటోళ్లతోని నేను కొట్లాడుత. కానీ ఇంటోళ్లు అనుకున్నంక మనం లెక్క అడుగుడు బంద్ చేసినం.

చానెల్ ఎవరిదో చూడుండ్రి. వీ6 వివేక్ వెంకటస్వామి కుటుంబానిది. ఆయన 2019ల బీజేపీల చేరిండు, 2023 అసెంబ్లీ ఎన్నికల ముంగట కాంగ్రెస్‌ల చేరి చెన్నూరు ఎమ్మెల్యే అయిండు. సాక్షి జగన్ కుటుంబానిది. టీ న్యూస్ బీఆర్ఎస్ వాళ్లది. యజమానికి పార్టీ ఉండుడు నేరం కాదు. అయితే 2022 నవంబర్‌ల మునుగోడు ఉపఎన్నిక నడుస్తున్నప్పుడు ఒక స్కిట్ చూసిన రైతుకు, ఆ చానెల్ యజమాని మెడల ఏ కండువా ఉన్నదో తెలిసుండాలె. తెర మీది మనిషి పలుకుబడి ఓట్లుగ మారుడు కూడ మన జిల్లాలనే చూసినం. తీన్మార్ పేరుతోనే జనానికి తెలిసిన మల్లన్న 2021ల వరంగల్–ఖమ్మం–నల్లగొండ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల రెండో స్థానంల నిలిచి, 2024 ఉపఎన్నికల కాంగ్రెస్ నుంచి గెలిచిండు. అంత బలమున్న మాటను “ఉత్త కామెడీ” అని ఎట్ల వదిలేస్తం?

పక్షపాతం తిట్టుల కంటె ఎక్కువ మౌనంల ఉంటది. ఎస్సెల్బీసీ, అంటె శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగమే తీసుకుందాం. నల్లగొండ ఫ్లోరైడ్ పల్లెలకు కృష్ణ నీళ్లు తెచ్చేందుకు తవ్వుతున్న సుమారు 44 కిలోమీటర్ల సొరంగమది. వైఎస్ హయాంల పనులు మొదలైనయి. బీఆర్ఎస్ దాదాపు పదేండ్లు ఏలింది, సొరంగం పూర్తి కాలె. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నప్పుడు మళ్ల కాంగ్రెస్ సర్కారే ఉన్నది. దీని మీద స్కిట్ చేసి ఒక్క పార్టీనే ఎత్తి చూపిండ్రనుకోండ్రి. చెప్పిన ప్రతి ముక్క నిజమే ఉండొచ్చు, కానీ మర్రిగూడల వంగిపోయిన నడుములతోని బతికేటోళ్లకు అది అన్యాయం.

కేబుల్ టీవీ నిబంధనలల్ల ప్రోగ్రాం కోడ్ ఉన్నది. పరువు తీసే మాటలు, కావాలని చేసే తప్పుడు సూచనలు, అర్ధసత్యాలు ప్రసారం చేయొద్దని అండ్ల రాసి ఉన్నది. ఒక ప్రాంతం వాళ్లను, ఒక భాష వాళ్లను చులకనగ చూపొద్దని కూడ ఉన్నది. నవ్వించే కార్యక్రమం అయినంత మాత్రాన ఇవి వర్తించకుండ పోవు.

2014 జూన్ గుర్తు చేసుకోండ్రి. టీవీ9ల ఒక వ్యంగ్య కార్యక్రమం తెలంగాణ కొత్త ఎమ్మెల్యేలను అవహేళన చేసింది. మనకు మండింది, మండాలె కూడ. చానెల్ క్షమాపణ చెప్పింది. అయినా కేబుల్ ఆపరేటర్లు టీవీ9నే గాక ఏబీఎన్ చానెల్‌ను కూడ నిలిపేసిండ్రు. అది జవాబుదారీతనం కాదని నేను గట్టిగ నమ్ముత. జనం చూసే హక్కు పోయింది, ఆ కార్యక్రమంల తప్పెక్కడ జరిగిందో నలుగుట్ల తేలలేదు. అధికారం తీగలు కోస్తే, రేపు మన యాసల నిలదీసే గొంతుకూ అదే గతి.

మనకు వేరే తొవ్వ ఉన్నది. 2021 సవరణ నిబంధనల ప్రకారం ఫిర్యాదు ముందుగాల చానెల్‌కే పంపాలె, వాళ్లు 15 రోజులల్ల తేల్చాలె. తృప్తి కాకపోతే చానెళ్లే పెట్టుకున్న స్వీయ నియంత్రణ సంస్థకు అప్పీలు చేసుకోవచ్చు. మీరు ఒక నెల రోజులు ఒక కార్యక్రమాన్ని పట్టుకోండ్రి. ఏ పార్టీ మీద ఎన్ని స్కిట్లు వచ్చినయి, ఏ సంగతి అసలే రాలేదు, తప్పు దొర్లితే అదే యాంకర్ అదే సమయంల సరిదిద్దిండా, రాసిపెట్టుండ్రి. తేదీ, సమయం, అన్న మాట ఉన్నదున్నట్టు వేసి తెలుగులనే ఉత్తరం పంపుండ్రి. మీకు నచ్చిన పార్టీకి లాభమయ్యే అర్ధసత్యం మీద మొదటి ఉత్తరం రాయుండ్రి.