స్క్విరెల్ గర్ల్ అంటే ‘ఒకటే జోకు’ అనేవాళ్ళకి

మార్వెల్ కామిక్స్‌లో ఉడత శక్తులున్న సూపర్‌హీరో స్క్విరెల్ గర్ల్. ఆమె పేరెత్తగానే నవ్వుతారు. నవ్వండి, నవ్వించడానికే రాశారు. కానీ ఆ వెంటనే ఒక మాటంటారు చూడండి, “ఉడతలతో థానోస్ లాంటి మహా విలన్‌ని కొట్టిన పిల్లేగా, ఒకటే జోకు” అని. అక్కడ మండుతుంది నాకు.

ఆ ఒకటే జోకు ఒకప్పుడు ఉండేది, కాదనను. 1990ల మొదట్లో విల్ మరే రాసిన చిన్న కథ, బొమ్మలు స్టీవ్ డిట్కో. అవును, స్పైడర్‌మ్యాన్ డిట్కోనే. అందులో డోరీన్ గ్రీన్ అనే అమ్మాయి (స్క్విరెల్ గర్ల్ అసలు పేరిదే) ఐరన్ మ్యాన్ పక్కన చేరదామని వచ్చి, విలన్ డాక్టర్ డూమ్ మీదికి ఉడతల దండుని తోలుతుంది. తర్వాత 2005లో డాన్ స్లాట్ అనే రచయిత ఆమె చేత థానోస్‌ని ఓడింపజేశాడు. ఎలా ఓడించింది? చూపించలేదు! ప్యానెల్ బయట అయిపోయింది. పైగా విశ్వంలో జరిగేవన్నీ చూస్తుండే వాచర్ వచ్చి, వీడు అసలు థానోసే, నకిలీ కాదు అని సాక్ష్యం చెప్తాడు. బాగుంది. ఒక్కసారికి.

2015 జనవరిలో మార్వెల్ ‘ది అన్‌బీటబుల్ స్క్విరెల్ గర్ల్’ మొదలుపెట్టింది. రచన రయన్ నార్త్, బొమ్మలు ఎరికా హెండర్సన్. వీళ్ళు ఆ జోకుని తిరగేశారు. ఎలా గెలిచిందో చూపించడమే కథ అయింది.

(తెర మీద: చంద్రుడి నేల, ఎదురుగా గలాక్టస్)

గలాక్టస్ గ్రహాల్ని తినేస్తాడు. ఇప్పుడు భూమి వంతు. డోరీన్ చంద్రుడి మీదికెళ్ళి అడ్డం నిలబడింది. ఉడతలు కరుస్తాయనుకుంటాం కదా? ఈ అమ్మాయి మాట కలుపుతుంది. వీడికి కావలసిందేంటి? తిండి. అంతే! భోజనాల వేళకి ఆకలితో వచ్చిన చుట్టాన్ని గుమ్మంలో నిలబెట్టి కర్ర తీస్తామా? విస్తరేస్తాం. మిగతా హీరోలందరూ ఇన్నాళ్ళూ చేసింది కర్ర తీయడమే. డోరీన్ విస్తరి వేసింది. తెలివైన ప్రాణులెవరూ లేని, గింజలు నిండుగా ఉన్న గ్రహం చూపించింది. తిన్నాడు, స్నేహితుడయ్యాడు.

అంతకుముందు క్రేవెన్ అనే వేటగాడు విలన్ కూడా అంతే. అతనిది వేట ఆకలి. డోరీన్ కాలేజీలో చేరే రోజే తగులుకుంటాడు. ఉడతలెందుకయ్యా, సముద్రంలో రాక్షస జంతువులున్నాయి, దమ్ముంటే వాటిని వేటాడు అంటుంది. ఇదీ విస్తరే, కాకపోతే మాంసాహారం. కొట్లాట లేదనుకోకండి, తన్నుకుంటూనే మాట్లాడుతుంది.

ఇంకోటి, డోరీన్ చదివేది కంప్యూటర్ సైన్స్. (మన ఇళ్ళల్లో అమ్మానాన్నలకి ఇక ఏ అభ్యంతరమూ ఉండదు.) ఒక సంచికలో ఒంటిచేత్తో 31 దాకా లెక్కపెట్టడం ఉంటుంది. చెయ్యెత్తండి. బొటనవేలు 1, చూపుడువేలు 2, మధ్యవేలు 4, ఉంగరపువేలు 8, చిటికెనవేలు 16. ఎత్తిన వేళ్ళని కూడండి. ఐదూ ఎత్తితే 31. నాలుగు చూపించేటప్పుడు మాత్రం ఎదురుగా ఎవరున్నారో చూసుకోండి.

టైమైపోతోంది, గబగబా చెప్పేస్తా. రూమ్మేట్ నాన్సీకి ఏ శక్తులూ లేవు, నా లెక్కలో సగం కథ ఆమెదే. 2017లో ఈ సిరీస్‌కి టీనేజర్ల పుస్తకాల విభాగంలో, కామిక్స్‌కిచ్చే ఐస్నర్ అవార్డు వచ్చింది. 32వ సంచిక నుంచి డెరిక్ చార్మ్ గీశాడు. చక్కగానే గీశాడు గానీ, బొద్దుగా, ముందుపళ్ళతో ఉండే హెండర్సన్ డోరీనే నాకు డోరీన్. 2019లో 50వ సంచికతో ఆపేశారు.

కొనేవాళ్ళు జాగ్రత్త! 2015లోనే నంబర్లు మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టారు, అట్టమీద వాళ్ళే దానిమీద జోకేసుకున్నారు. క్రేవెన్ ఉన్న ఒకటో సంచిక ముందుది, అక్కణ్ణించి చదవండి. ఫోన్లో చదివితే ప్రతి పేజీ అడుగునా జూమ్ చేయండి. అక్కడ చీమతలకాయంత అక్షరాల్లో నార్త్ తన కథ మీద తనే సెటైర్లు వేస్తుంటాడు.